కరెంటు వద్దన్న రోజేర్

ఊరి వెనక బారులు తీరిన పొలాల్లో ఆరో వరస; అందులో వంతెన దాటాక రెండే ఇళ్ళు. మొదటిది రోజేర్ పోత్వాన్‌ది, రెండోది అతని బావమరిది దోనాది. సేంత్-ఒదీల్ ఊరంతటికీ కరెంటు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా స్తంభాలు మాత్రం వంతెనకి ఇవతలే ఆగిపోయాయి. రెండిళ్ళ కోసం ఏరు దాటించడం దండగని ఆఫీసువాళ్ళ లెక్క. ఆ రెండిళ్ళలోనూ ఇంకా కిరసనాయిలు దీపాలే.

ఒక ఏడు మంచు కరిగి దారులన్నీ బురదైన రోజుల్లో, పొడుగ్గా సన్నగా ఉన్న ఒక ఇంజనీరు ఆ వరసంతా కాలినడకన తిరిగాడు. రాగి తీగ చుట్టిన చెక్క చట్రం ఒకటి అతని చేతిలో ఉంది. భుజానికి పెట్టె, చెవులకి ఇయర్‌ఫోన్లు. ప్రతి చేనులోనూ ఆగడం, చట్రాన్ని అటూ ఇటూ తిప్పడం, మొహం చిట్లించి ముందుకి నడవడం. రోజేర్ కంచె మీద మోచేతులు ఆనించి అతన్నే చూస్తూ నిలబడ్డాడు. అడవిలో దుంగ పడి కాలు నలిగిన దగ్గర్నుంచీ అతనికి ఎక్కువసేపు నిలబడాలంటే ఏదో ఒక ఆసరా కావాలి.

"ఏం వెతుకుతున్నారండీ? బావి తవ్వడానికి నీళ్ళా?" అని కేకేశాడు.

ఆ మనిషి పేరు వికర్స్. ఇంగ్లీషు వాడు. ఆ ఊళ్ళో మాట్లాడే ఫ్రెంచిని పుస్తకాల్లో నేర్చుకున్నాడు.

"కాదు మహాశయా. మేము నిశ్శబ్దమును వెతుకుచున్నాము" అన్నాడు.

పెరట్లో బట్టలారేస్తున్న రోజేర్ పెళ్ళాం ఎర్మాన్స్ పకపకా నవ్వింది. "దానికి ఇంత బురదలో తిరగడం దేనికయ్యా? మా ఆయన్ని అడుగు, బస్తాల్లో పోసిస్తాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో అదొక్కటే పండిస్తున్నాడు!"

వికర్స్‌కి సగమే అర్థమైంది గానీ అతనూ నవ్వాడు. తర్వాత రోజేర్ వెనక చేలోకి, ఫర్ చెట్ల అవతలకి వెళ్ళి చట్రం తిప్పాడు. ఈసారి మొహం చిట్లించలేదు. కళ్ళు మూసుకుని, తలొంచి, గుడిలో నిలబడ్డవాడిలా అలాగే ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎర్మాన్స్ పెట్టిన గుర్గాన్ అనే చిక్కుడు గింజల సూపు తాగుతూ అతను వచ్చిన పని చెప్పాడు. భూమికి అవతలి కొసన, మంచు ఖండంలో వాళ్ళదొక కేంద్రం ఉంది. అక్కణ్ణుంచి చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలు పంపిస్తారు. అవి భూమి అయస్కాంతపు గీతలు పట్టుకుని ఆకాశంలో వేల మైళ్ళు పైకెక్కి, ఇవతలి కొసన మళ్ళీ దిగుతాయి. వాటిని పట్టుకోవడానికి ఇక్కడొక రిసీవరు పెట్టాలి. అది ఎంత సున్నితమైనదంటే దూరాన కరెంటు తీగ ఉన్నా దాని గుయ్యిమన్న మోతలో మిగతావన్నీ మునిగిపోతాయి.

"ఆ దారి దిగు చోటు తమ బంగాళాదుంపల చేను, మహాశయా" అన్నాడు.

రోజేర్ చెంచా కింద పెట్టాడు. పదిహేనేళ్ళు నిండకుండా చెట్లు నరికే పనికి అడవిలోకి వెళ్ళి, అవిటి కాలితో తిరిగొచ్చి, రాళ్ళ నేలలో నాలుగు దుంపలు పండించుకుంటున్న మనిషి అతను. చర్చి మీటింగుల్లో వెనక బెంచీ మీద కూర్చుంటే ఏమంటావని అడిగినవాడు లేడు. అలాంటిది భూమి అవతలి కొస నుంచి బయల్దేరిన ఏదో ఒకటి వచ్చి తన చేలో దిగుతుందంటే అతను కిటికీలోంచి ఆ చేను వైపు ఒకసారి చూశాడు.

"పెట్టుకోండి. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు పెట్టుకోండి" అన్నాడు.

వేసవి చివరికి చేలో ఓడ తెరచాప స్తంభమంత ఎత్తు మాను లేచింది. దాని కొస నుంచి కిందికి పెద్ద త్రికోణంగా తీగ లాగారు. పక్కన చిన్న గుడిసె. అందులో బ్యాటరీలు, రిసీవరు, టేపు రికార్డర్లు. టేపులు మార్చడం, గుడిసె మీద మంచు తోడడం, పెట్రోలు మోటారు వేసి బ్యాటరీలకి ఛార్జి ఎక్కించడం రోజేర్ పని. మోటారు ఆడుతుంటే రిసీవరుకి చెవుడే కాబట్టి రికార్డింగు లేని మధ్యాహ్నాల్లోనే వెయ్యాలి.

చలికాలం చివర ఒక తెల్లవారుజామున అతను మొదటిసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ముందు పెనం మీద కొవ్వు కరుగుతున్నట్టు చిటపట. దూరాన ఎక్కడెక్కడో కొడుతున్న పిడుగులవి. ఆ చిటపటలోంచి ఒక ఈల బయల్దేరి సన్నగా, తీయగా, పైనుంచి కిందికి జారుతూ జారుతూ మాయమైంది. దాని వెనకే ఇంకొకటి. దక్షిణ సముద్రం మీద మెరిసిన మెరుపు గొంతు అదని, అంత దూరం పైకెళ్ళి వచ్చేసరికి అలా సాగిపోతుందని వికర్స్ ముందే చెప్పాడు. అయినా వినడం వేరు. తూర్పు తెల్లబడుతుంటే చెవుల్లో పిట్టల గుంపు లేచింది. బయట మోకాలి లోతు మంచు, ఒక్క పిట్ట లేదు. ఆ కిలకిలలన్నీ ఆకాశానివి. రోజేర్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. 

ఆ తర్వాత పని ఉన్నా లేకపోయినా తెల్లవారకముందే గుడిసెలో ఉండేవాడు. ఆవుల పాలు ఎర్మాన్సే పితికేది.

ఎర్మాన్స్ కుట్టుపని చేసేది. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా పెళ్ళికూతురి గౌను ఆవిడ చేతిలోంచే వెళ్ళాలి. పాదరీగారి నల్ల అంగీలూ ఆవిడే కుట్టేది. కరెంటు ఎప్పుడో ఒకప్పుడు రాకపోదని తన సంపాదనతో కరెంటు కుట్టుమిషను కొని, దుప్పటి కప్పి కిటికీ పక్కన పెట్టుకుంది. పిల్లల్లేని ఇంట్లో ఆవిడ కోరుకున్నది అదొక్కటే.

ఆ కరెంటు వచ్చే రోజు రానే వచ్చింది. మరుసటి ఆగస్టులో, ఎర్మాన్సూ దోనా పెళ్ళాం బ్లాందీనూ నీలిపండ్లు ఏరుకోవడానికి కాలిపోయాక ఆ పొదలు మొలిచిన అడవి వైపు వెళ్ళినప్పుడు, కరెంటు ఆఫీసు మనిషి కారేసుకొచ్చాడు.

"పోత్వాన్ గారూ, మీ పంట పండింది! ప్రభుత్వం ఒప్పుకుంది. వచ్చే వసంతంలో స్తంభాలు వంతెన దాటిస్తున్నాం. మీ చేను గట్టున నాలుగు పాతుతాం. ఇక్కడో సంతకం పెట్టండి చాలు."

రోజేర్ కలం తీసుకోలేదు. ఈ సంగతి వస్తుందని తెలిసి, అంతకుముందే అతను వికర్స్‌ని అడిగి ఉన్నాడు. వికర్స్ ఏమీ దాచలేదు. "లైను వచ్చినచో మేము వేరొక చోటికి తరలుదుము. నిర్ణయము తమది, తమ శ్రీమతిగారిది" అన్నాడు. అంతే అన్నాడు. వద్దనమని చెప్పలేదు, ఆశా చూపలేదు.

"నాకొద్దండీ" అన్నాడు రోజేర్.

"వద్దా?"

"వద్దు."

"సరే, మీ ఇంట్లోకి వద్దంటే మానెయ్యండి. మీ బావమరిది ఇంటికైనా మీ పొలం మీంచే కదా పోవాలి?"

"నా పొలంలో స్తంభం పాతడానికి వీల్లేదు."

ఆఫీసు మనిషి మెడ మీద దోమని కొట్టుకుంటూ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇంట్లో ఆవిడతో ఒక మాట అనుకుని చెప్పండి. తొందరేం లేదు."

"చెప్పేశాగా" అన్నాడు రోజేర్. కారు వంతెన దాటేదాకా చూసి గుడిసెలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ వేళప్పుడు ఆకాశంలో వినడానికేమీ ఉండదు. అయినా ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

సాయంత్రం ఎర్మాన్స్ నీలం చేతులతో, నీలం మూతితో, రెండు బకెట్ల పండ్లు మోసుకుంటూ వచ్చింది. "దారిలో కారు చక్రాల జాడలున్నాయి. ఎవరయ్యా వచ్చింది?"

"కరెంటాయన. ఇంకో ఏడాది పడుతుందట."

అబద్ధం అంత నున్నగా ఎలా జారిపోయిందో రోజేర్‌కే అర్థం కాలేదు.

"వాళ్ళ మొహం మండ! ఏడాదేడాదీ ఇదే పాట" అని ఎర్మాన్స్ బకెట్లు దించి, "పోనీలే, ఇన్నాళ్ళూ ఆగలేదూ? రా, చెత్తాకులు ఏరిపెట్టు. రేపు పండ్లు పెట్టి తీపిరొట్టె కాలుస్తాను, నీ ఇంగ్లీషాయన వస్తే ఆయనకీ ఒక ముక్క పెడదాం" అంది.

అతను పక్కన కూర్చుని ఆకులేరాడు. ఆవిడ ఇంకా తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తర్వాతి ఏడూ అదే అబద్ధం చెప్పాడు. ఆ శీతాకాలం పాదరీగారి అంగీలు కుడుతూ ఎర్మాన్స్ కళ్ళు నలుపుకోవడం మొదలుపెట్టింది. నల్లబట్ట మీద నల్లదారం, పక్కన కిరసనాయిలు దీపం. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టేది. ఒకరోజు మధ్యాహ్నం చేలోంచి మోటారు చప్పుడు వినిపిస్తుంటే కిటికీ తెరిచి అరిచింది.

"ఏమయ్యా! నీ పెట్టెకి కరెంటు, నాకు దీపం బుడ్డా? ఈసారి పెళ్ళి చేసుకుంటే పెట్టెనే చేసుకో!"

"ఒక తీగ లాగి నీకూ బల్బు పెడతానే" అన్నాడు అతను, నిజంగానే.

"మిట్టమధ్యాహ్నం బల్బేం చేసుకోను? రాత్రిళ్ళు వేస్తావా మోటారు?"

రాత్రిళ్ళు వెయ్యడానికి వీల్లేదు. రాత్రిళ్ళు రికార్డింగుంటుంది. ఎర్మాన్స్ నవ్వేసి కిటికీ మూసింది. అప్పటికి ఆవిడ మాటల్లో కోపం లేదు, ఎగతాళే. రోజేర్ మోటారు పక్కన నిలబడి, ఈ రాత్రే చెప్పేస్తాను అనుకున్నాడు. చెప్పలేదు. చెప్పకపోయిన ప్రతి రోజూ, చెప్పడం ఇంకొంచెం కష్టమైంది.

మూడో వసంతంలో దోనా ఓపిక చచ్చింది. ఆవులు పెరిగాయి, చేత్తో పితికి పితికి బ్లాందీన్‌కి మణికట్లు వాచాయి. పాల మిషను కొనాలంటే కరెంటు కావాలి. రొబెర్వాల్ పట్నం వెళ్ళి కరెంటు ఆఫీసులో బల్ల గుద్ది అరిచాడు. వాళ్ళు తాపీగా ఫైలు తీసి చూపించారు. అక్కణ్ణుంచి దోనా తిన్నగా అక్క ఇంటికొచ్చాడు. టోపీ కూడా తియ్యలేదు.

"బావా, ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. కరెంటు వద్దన్నావా?"

రోజేర్ పొయ్యిలో కట్టె పెడుతున్నాడు. లేవలేదు.

"ఏమిట్రా ఆ అడగడం?" అంది ఎర్మాన్స్. "వద్దనడానికి ఆయనకేమైనా పిచ్చా?"

"ఆయన్నే చెప్పమను. రెండేళ్ళ కిందటే స్తంభాలు వేస్తామన్నారట. తన పొలంలో పాతడానికి వీల్లేదన్నాడట. మా ఇంటికి కూడా పోనివ్వనన్నాడట! నా పెళ్ళాం చేతులు చూశావా బావా? రొట్టె కొయ్యలేకపోతోంది. నువ్వు ఆకాశం వింటూ కూర్చున్నావు!"

"దోనా, నేను..." అని రోజేర్ మొదలుపెట్టాడు. చేతిలో కట్టెని పొయ్యిలోకి ఇంకా లోపలికి తోశాడు.

ఎర్మాన్స్ కుడుతున్న బట్ట ఒళ్ళో పెట్టుకుని భర్త వీపు వైపు చూసింది. "వాడు చెప్పేది నిజమేనా?"

"నిజమే."

ఆవిడ అరుస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఆవిడ అరవలేదు. "నువ్విక ఇంటికి పోరా, బ్లాందీన్ ఒక్కతే ఉంటుంది" అని తమ్ముణ్ణి పంపించి, బట్ట మడతపెట్టి, వంట పూర్తి చేసి, భర్తకి వడ్డించి, తను తినకుండా పడుకుంది.

మర్నాడు ఇంకా చీకటుండగానే రోజేర్ గుడిసెకి బయల్దేరితే ఆవిడ కోటు వేసుకుని వెనకే వచ్చింది. అన్నాళ్ళలో ఒక్కసారి కూడా గుడిసెలో అడుగుపెట్టని మనిషి. పీట మీద కూర్చుని చెయ్యి చాచింది. అతను ఇయర్‌ఫోన్లు ఇచ్చాడు. ఆ రోజు ఆకాశం నిండుగా ఉంది. అతనికేమీ వినిపించడం లేదు, అయినా ఆవిడ మొహం చూస్తే ఎప్పుడు ఈల జారిందో, ఎప్పుడు పిట్టలు లేచాయో తెలుస్తూనే ఉంది. బాగా తెల్లారేదాకా వింది. తర్వాత తీసి, తీగ చిక్కు పడకుండా చుట్టి, బల్ల మీద పెట్టింది.

"బాగుంది" అంది. "చాలా బాగుంది. చెప్తే నేను నమ్మేదాన్ని కాదు."

రోజేర్ ఊపిరి పీల్చుకున్నాడు.

"నన్ను అడిగుంటే సరేననేదాన్నేమోనయ్యా. కొన్నేళ్ళేగా, ఆగుదాంలే అనేదాన్నేమో. దోనాకి కూడా నేనే నచ్చజెప్పేదాన్నేమో. నువ్వు అడగలేదు."

"తప్పయిపోయింది ఎర్మాన్స్. ఇవాళే వెళ్ళి సంతకం పెట్టేస్తాను."

"పెట్టు. దోనా కోసం పెట్టు."

"నీ కోసం..."

"నా కోసమని ఇంకేం చెయ్యకు" అంది. గొంతు పెంచకుండానే అంది.

అతను ఆ రోజే రొబెర్వాల్ వెళ్ళాడు. ఆఫీసువాళ్ళు సంతకం పెట్టించుకుని, పనివాళ్ళంతా వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు, మళ్ళీ మీ వంతు వచ్చేదాకా ఆగాలన్నారు. ఈసారి చెప్పడానికి నిజమే ఉంది గానీ, ఇంటికొచ్చి ఆ మాట చెప్తుంటే అతని చెవులకే అది పాత అబద్ధంలా వినిపించింది. ఎర్మాన్స్ తలూపి కుట్టుపని అందుకుంది.

వేసవంతా ఆవిడ అన్ని పనులూ మామూలుగానే చేసింది. ఎగతాళి మాత్రం మానేసింది. రోజేర్‌కి ఆ ఇంట్లో అన్నిటికంటే భయం వేసింది దానికే. దుంపలు తవ్వి నేలమాళిగలో పోశాక ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది. షికూతిమి పట్నంలో పెళ్ళిబట్టల దుకాణంలో పని దొరికిందట. మేడ మీద చిన్న గది కూడా ఇస్తారట.

"ఎన్నాళ్ళకి?" అన్నాడు.

"చూద్దాం."

"కరెంటు వచ్చేస్తుందే. వసంతానికి వచ్చేస్తుంది."

"కరెంటు కోసం కాదయ్యా నేను పోతున్నది" అంది ఎర్మాన్స్. "దీపం ముందు గుడ్డిదాన్నయినా నీ పక్కనే అయ్యేదాన్ని. రెండేళ్ళు నా మొహం చూస్తూ అబద్ధం ఎలా చెప్పావో, అదే నాకు మింగుడుపడటం లేదు."

దుప్పటి కప్పిన కుట్టుమిషను బస్సు దాకా రోజేరే మోశాడు. కుంటికాలు, బరువు, బురద. సాయానికి వచ్చిన దోనా మిషనుకి ఒక వైపు పట్టుకున్నాడు గానీ బావతో మాట్లాడలేదు. బస్సు ఎక్కేముందు ఎర్మాన్స్ భర్త మఫ్లరు సరిచేసి, "ఆవు ఈనేటప్పుడు బ్లాందీన్‌ని పిలు, నీకు చేతకాదు" అంది.

ఆ చలికాలం రోజేర్ గుడిసెకి వెళ్ళాడు, టేపులు మార్చాడు, మంచు తోడాడు. ఇయర్‌ఫోన్లు మాత్రం పెట్టుకోలేకపోయాడు. ఒకటి రెండుసార్లు పెట్టుకుంటే ఈలలు బాగానే వినిపించాయి. వింటుంటే పీట మీద కూర్చుని ఆవిడ అన్న మాటే చెవిలో పడేది.

మంచు కరుగుతుండగా వికర్స్ లారీతో వచ్చాడు. మంచు ఖండంలో కేంద్రం మంచులో కూరుకుపోతోందట, దాన్ని మూసేస్తున్నారట. పంపేవాళ్ళే లేకపోతే వినేవాళ్ళకి పనేముంది? మాను దించి, తీగ చుట్టి, రిసీవరు పెట్టెలో సర్దడం ఒక్క పూటలో అయిపోయింది. ఇన్నేళ్ళలో వికర్స్ ఫ్రెంచి కాస్త వంగింది గానీ మర్యాద మారలేదు.

"తమ శ్రీమతిగారు కనిపించరేమి?"

"షికూతిమిలో ఉంటోంది. పని."

"ఆవిడ సూపు మరువలేను. పోత్వాన్ గారూ, మాకు ఇంత మంచి చోటు ఎక్కడా దొరకలేదు. ఏటేటా కరెంటు లైను వచ్చునేమోనని భయపడుచునే ఉంటిమి. రాలేదు. మా అదృష్టము."

రోజేర్ అతని మొహంలోకి చూశాడు. ఈ మనిషికి ఏమీ తెలియదు. ఏమీ అడగలేదు కూడా. తన చేతులతో తనే తీసి ఇచ్చిందంతా, ఇతను గాలివాటున దొరికిందనుకుంటున్నాడు.

"అవునండీ, అదృష్టమే" అన్నాడు.

స్తంభాలు ఆ శరదృతువులో వచ్చాయి. దోనా పాక వెలిగింది, పాల మిషను ఆడింది. బ్లాందీన్ ఒకరోజు వెన్నముద్ద తెచ్చి గడప మీద పెట్టి పలకరించింది. దోనాకి పలకరించడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అది కూడా "బావా, నీ గిత్త మా చేలో పడింది" అన్న మాటతో. రోజేర్ పరుగులాంటి నడకతో వెళ్ళి గిత్తని తోలుకొచ్చాడు. ఆ సాయంత్రమంతా అతని మనసు కుదుట పడినట్టుంది.

ఇంట్లో ప్రతి గదిలోనూ బల్బు పెట్టించాడు. ఆదివారాలు బస్సెక్కి షికూతిమి వెళ్ళేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు, "వచ్చెయ్యి ఎర్మాన్స్, కిటికీ దగ్గర రెండు బల్బులు పెట్టించాను" అన్నాడు. ఆవిడ అతని కంచంలో ఇంకో గరిటె సూపు పోసి, "ఇక్కడ బాగానే ఉందయ్యా నాకు. నువ్వు వస్తూ ఉండు" అంది. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వెళ్ళడం మాత్రం మానలేదు.

ఆవిడ చూపు మళ్ళీ బాగుపడలేదు. కుట్టు తెలిసిన చేతులు కనుక గుడ్డ మీద వాటంతటవే నడిచేవి గానీ, సూదిలో దారం ఎక్కించడం చేతనయ్యేది కాదు. అందుకని ఆదివారం భోజనమయ్యాక ఎర్మాన్స్ సూదుల డబ్బా, దారపు ఉండలు బల్ల మీద పెట్టేది. రోజేర్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఒక్కో సూదికీ దారం ఎక్కించి, వారానికి సరిపడా దిండుకి గుచ్చేవాడు. తెల్లదారం ఎక్కువ, నల్లదారం తక్కువ.

"ఈ చివరిది పొడుగు కత్తిరించావు" అనేది ఆవిడ, వేళ్ళతో తడిమి చూసి. "చిక్కు పడుతుంది."

"ఏదీ, ఇటివ్వు" అని అతను తీసుకుని సరిచేసేవాడు. ఆ తర్వాత బస్సు వేళయ్యేదాకా ఇద్దరూ ఆ వారం ఊళ్ళో ఎవరి ఆవు ఈనిందో, ఎవరి పెళ్ళి కుదిరిందో మాట్లాడుకునేవాళ్ళు.